తిరుగు కవరు

యార్క్‌టన్, సస్కాచెవాన్
18 జనవరి 2004

అక్కకి,

ఈ ఉత్తరం అందగానే ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు మాట మారుస్తావు, నేను నీ వెనకాలే మారిపోతాను. చిన్నప్పటినుంచీ జరుగుతున్నది అదే. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. కాగితం మీదే చెప్పు.

పోయిన శనివారం రెజీనాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ బొమ్మల కార్డుల సంత పెట్టారు. సంతకాలు పెట్టడానికి పాత ఆటగాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకాయన మెర్విన్ టాగర్ట్, గోల్ కాసే గోలీ. ఆయన్ని నువ్వు మర్చిపోవడానికి వీల్లేదు. నా పెట్టెలో ఉన్న మొట్టమొదటి సంతకం ఆయనదే. 1971లో, నాకు ఆరేళ్ళప్పుడు, నువ్వే ఆయనకి ఉత్తరం రాసి నాకోసం తెప్పించావు. కార్డు మీద "ఓరెస్ట్‌కి, గోల్ వదలకు" అని రాసి, మూలన గోలీ ముసుగు బొమ్మ గీశాడు. నాకీ పిచ్చి పట్టింది ఆ కార్డుతోనే. ఇవాళ నా దగ్గర పదకొండు వందల సంతకాలున్నా, ఇల్లు తగలబడితే నేను పట్టుకుని పరిగెత్తేది అదొక్కటే.

ఆ కార్డు తీసుకెళ్ళాను. పాత సంతకం పక్కనే అదే మనిషి చేత కొత్తది పెట్టించుకోవాలని సంతకాలు పోగుచేసే మనవాళ్ళకి ఒక యావ కదా. ముప్ఫై రెండేళ్ళ ఎడంతో ఒకే కార్డు మీద రెండు సంతకాలు ఎవరి దగ్గరున్నాయి? గంటన్నర వరసలో నిలబడ్డాను. పెద్దాయనకి డెబ్బై దాటాయి. తుంటి పోయింది, చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది. అయినా వచ్చినవాళ్ళందరినీ పేరడిగి, పిల్లలుంటే ఏ క్లాసని అడిగి మరీ సంతకం పెడుతున్నాడు. నా వంతు వచ్చింది. కార్డు ముందు పెట్టాను. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"ఎక్కడిదయ్యా ఇది నీకు?" అన్నాడు.

నేను చెప్పబోయేలోగా మళ్ళీ ఆయనే అన్నాడు. "ఈ ముసుగు బొమ్మ నేను జన్మలో ఒక్క కార్డు మీదే గీశాను. చావుబతుకుల్లో ఉన్న పిల్లాడికి గీశాను. ఆ పిల్లాడు పోయాడు. వాడి చేతిలో ఈ కార్డు పెట్టి పాతిపెట్టామని వాళ్ళమ్మ నాకు రాసింది. భూమిలో ఉండాల్సింది నీ జేబులోకి ఎట్లా వచ్చింది?"

అక్కా, నా వెనక నలభైమంది ఉన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ పిల్లాణ్ణి నేనే అని చెప్పాలి. నోరు తెరిచాను. వచ్చిన మాట ఏమిటంటే, "చర్చివాళ్ళు పాత సామాన్లు అమ్మితే కొన్నానండి."

"ఎవడో దొంగ వెధవ శవం చేతిలోంచి లాగేశాడన్నమాట," అన్నాడాయన. కార్డు తన దగ్గర ఉంచుకోనా అని అడిగాడు. సరేనన్నాను. పేరు అడిగాడు. బావ పేరు చెప్పాను. నోటికి అదే వచ్చింది. ఇప్పుడు నేను ఆంగస్‌ని, బావకి చెప్పకు. నా పోస్టుబాక్సు నంబరు రాసుకున్నాడు.

స్కూలు బస్సు నడుపుతూ వారం రోజులుగా ఇదే ఆలోచన. మొన్న శుక్రవారం ఒక స్టాపు దాటించేశాను, పిల్లలు అరిస్తే గానీ తెలియలేదు. ఆయన నన్ను ఇంకెవరో అనుకున్నాడా? లేకపోతే నాకు తెలియకుండా నేనెప్పుడైనా పోయానా?

ఓరెస్ట్


హాలిఫాక్స్, నోవా స్కోషియా
30 జనవరి 2004

ఒరేయ్ ఓరెస్ట్,

నీ ఉత్తరం చదివి నవ్వాను. బావ పేరు చెప్పి మాకు తెలియకుండా మా ఇంటికి గోలీ స్నేహితుణ్ణి తెచ్చిపెట్టావు. నీకంటూ ఒక పేరుంది కదరా, వాడుకోలేకపోయావా?

పెద్దాయన సంగతి పట్టించుకోకు. జీవితంలో ఎన్ని వేల కార్డుల మీద సంతకం పెట్టుంటాడో. ఎంతమంది ఓరెస్ట్‌లు, ఎంతమంది జబ్బుపిల్లలు. ఆయన ఆట మొదలుపెట్టిన రోజుల్లో గోలీలు ముఖానికి ముసుగు లేకుండానే ఆడేవాళ్ళు, తలకి ఎన్ని దెబ్బలు తగిలాయో ఎవరికి తెలుసు. కార్డు పోతే పోయిందిలే. ఆయన ఉత్తరం రాస్తే జవాబివ్వకు, అదే సద్దుమణుగుతుంది.

ఇక్కడ మంచు తక్కువ, వాన ఎక్కువ. పోయిన ఆదివారం మా పక్కవీధిలో ఒకరి వంటింట్లో ఫిడేలు కచేరీ జరిగింది. ముసలి ఫిడేలు విద్వాంసుడు వచ్చాడు, పేరు ఆలన్ బీటన్. సంతకం అడిగితే కాగితం వద్దు, విల్లుకి రాసే రాళం డబ్బా ఉందా అన్నాడు. ఆయన డబ్బా మూత మీదే పెట్టి ఇచ్చాడు. ఐదురోజులుగా సోఫా మీద పెట్టుకుని చూసుకుంటున్నాను. మీ ఆవిడని అడిగానని చెప్పు. చేపల పులుసు చేశాను, బావ రెండుసార్లు వేయించుకున్నాడు.

కార్డు గురించి ఇంకా ఎక్కువ ఆలోచించకు. బస్సు జాగ్రత్తగా నడుపు.

అక్క


యార్క్‌టన్
12 ఫిబ్రవరి 2004

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అడిగింది ఒక్క ప్రశ్న. నువ్వు ఫిడేలు, వాన, చేపల పులుసు అన్నీ చెప్పి దానికొక్కదానికే జవాబు చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం.

టాగర్ట్ గారు రాశారు. "ఆంగస్ గారికి" అని మొదలుపెట్టారు. అది చదివేటప్పుడే సిగ్గేసింది. ఆయన దగ్గర 1971, 72ల్లో వచ్చిన రెండు ఉత్తరాలు ఉన్నాయట. ఆటలో ఉన్నన్నాళ్ళూ సంచిలో, తర్వాత బీరువాలో, ఇప్పటికీ దాచిపెట్టుకున్నాడు. మొదటిదాంట్లో మా అబ్బాయికి రక్తంలో జబ్బు, డాక్టర్లు ఆశ వదులుకున్నారు అని ఉందట. రెండోదాంట్లో పోయాడని ఉందట. రెండింటి కిందా సంతకం "శ్రీమతి స్టెఫానియా పాలిచుక్."

అమ్మకి ఇంగ్లీషులో బియ్యం డబ్బా మీద పేరు చదవడం రాదు. చనిపోయేదాకా పోస్టాఫీసులో ఫారాలు నువ్వే నింపేదానివి. సంతకం కూడా.

ఇంకా విను. పెద్దాయన ఆ కార్డు తిరిగి ఆ పిల్లాడి సమాధిలో పెడతాడట. "అప్పుడు సమాధి దగ్గరికైనా రాలేకపోయాను, వరసగా ఆటలున్నాయి. ఆ బాకీ నాకు ఉండిపోయింది. నేల గడ్డకట్టి ఉంటుంది కనక ఇప్పుడు తవ్వలేను. మంచు కరగగానే వస్తాను. ఈలోగా మీరు యార్క్‌టన్ చుట్టుపక్కల పాలిచుక్‌ల సమాధులు ఎక్కడున్నాయో కనుక్కోండి" అని రాశాడు. యార్క్‌టన్ చుట్టూ పాలిచుక్‌లు పొద్దుతిరుగుడు గింజలంతమంది ఉన్నారు. ఎన్ని చర్చిలు, ఎన్ని స్మశానాలు. ఆయన ఉండేది మూసోమిన్‌లో, రెండు గంటల ప్రయాణం. ఆ తుంటితో ఆ కర్రతో వరస వరసా తిరుగుతానంటున్నాడు.

బతికున్న మనిషిని నా సమాధి నన్నే వెతకమంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఏం చేశావో చెప్పు అక్కా. ఈసారి చేపల పులుసు వద్దు.

ఓరెస్ట్


హాలిఫాక్స్
24 ఫిబ్రవరి 2004

ఓరెస్ట్,

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెబుతాను. పోతుందో లేదో తెలియదు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మన పక్క పొలంవాళ్ళ డేల్ గుర్తున్నాడా? వాడికి వారానికో కవరు వచ్చేది. ఆటగాడికి ఉత్తరం రాసి, లోపల కార్డు పెట్టి, మన అడ్రసు మనమే రాసి స్టాంపు అంటించిన తిరుగు కవరు జతచేస్తే, సంతకంతో తిరిగొస్తుందని వాడే నాకు నేర్పాడు. నేను పన్నెండు ఉత్తరాలు రాశాను. రోజూ మంచులో పోస్టు డబ్బా దాకా నడిచేదాన్ని. నా చేతిరాతతో నా పేరు మీద ఒక్క కవరూ తిరిగి రాలేదు. డేల్ బస్సులో అందరి ముందూ అన్నాడు, "నువ్వు రాసేవి చదివితే వాళ్ళకి నిద్రొస్తుందే, దార్కా." ఆడపిల్లకి హాకీ ఎందుకని వేరే నవ్వు.

ఆ నవంబరులో నీకు టాన్సిల్స్ తీశారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. పదమూడో ఉత్తరంలో "మా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు" అని రాశాను. అది నిజమే. ఆ వాక్యం చూస్తే బాగుంది. ఇంకొంచెం ఉంటే ఇంకా బాగుంటుందనిపించింది. అమ్మ రాసినట్టయితే నమ్ముతారనిపించింది. అట్లా ఒక్కో వాక్యం రాసుకుంటూ పోయేసరికి నీ రక్తం పాడైపోయింది. అదే ఉత్తరం పేరు మార్చి ఆరుగురికి పంపాను. ఐదుగురు సంతకం చేసి పంపి ఊరుకున్నారు. ఆరో ఆయన టాగర్ట్.

ఆయన కార్డుతోపాటు రెండు పేజీలు రాశాడు. ఫిబ్రవరిలో మా జట్టు విన్నిపెగ్ వస్తోంది, మర్నాడు సెలవు, మీ అబ్బాయిని చూడటానికి మీ ఊరు వస్తాను అన్నాడు. నువ్వప్పుడు పెరట్లో చీపురు పట్టుకుని గోల్స్ ఆపుతున్నావు, బుగ్గలు టమాటాల్లా ఉన్నాయి. ఆయన వచ్చి చూస్తే? నాన్నకి తెలిస్తే? నాకు ఒక్కటే దారి కనిపించింది.

నువ్వు పోయావని రాశాను. ఆయన రాకుండా ఉండాలంటే అంతకంటే గట్టి కారణం దొరకలేదు. కార్డు చేతిలో పెట్టామని కూడా రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. ఆయన మనసుకు కాస్త బాగుంటుందనుకున్నానేమో. రాయడం నాకు బాగా వచ్చని గర్వంగా కూడా ఉండి ఉంటుంది. నిన్ను చంపి పోస్టులో వేసి ఇంటికొచ్చి, నువ్వు ఆకలి అంటే నీకు రొట్టె మీద జామ్ రాసిచ్చాను. ఆ మధ్యాహ్నం నాకు క్షణం క్షణం గుర్తుంది.

ఆ తర్వాత నీకు జలుబు చేసినా నాకు గుండె ఆగేది. నీకు పన్నెండేళ్ళప్పుడు అపెండిక్స్ పగిలింది చూడు, ఆసుపత్రి వరండాలో నేను అందరికంటే ఎక్కువ ఏడిస్తే అక్కకి తమ్ముడంటే ఎంత ప్రేమో అని అందరూ అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నేను రాసింది ఇప్పుడు జరుగుతోందనుకున్నాను. నువ్వు ఆ కార్డుని మాటిమాటికీ తీసి చూసుకుని మురిసిపోతుంటే ముప్ఫై ఏళ్ళు చూస్తూ ఊరుకున్నాను.

ఒక మాట చెబుతాను, వెంటనే కోప్పడకు. నీకు పెట్టింది ఎవరి పేరో తెలుసుగా. నాయనమ్మకి పుట్టి పోయిన పసివాడిది, నాన్న తమ్ముడు. మన చర్చి వెనక స్మశానంలో కంచె పక్కన చిన్న రాయి ఉంది. "ఓరెస్ట్ పాలిచుక్" అని ఉంటుంది, తేదీలు చాలావరకు అరిగిపోయాయి. పెద్దాయన్ని అక్కడికి తీసుకెళ్ళు. కార్డు పెట్టుకోనీ. ఆయన బాకీ తీరిపోతుంది, ఆయన మనసు కుదుటపడుతుంది. ఎవరికీ నష్టం లేదు.

అక్క


యార్క్‌టన్
10 మార్చి 2004

అక్కా,

నీ ఉత్తరం బస్సులో చదివాను, పిల్లలంతా దిగిపోయాక. చదివి అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ముప్ఫై రెండేళ్ళ క్రితం పోయినవాడిలా ఏమీ లేను, పొట్ట కూడా వచ్చింది.

నువ్వు చెప్పిన రాయి దగ్గరికి వెళ్ళాను. నిజం చెబుతున్నాను, నీ మాట విని వెళ్ళాను. మోకాళ్ళ లోతు మంచు. చేతులతో తోశాను. "ఓరెస్ట్ పాలిచుక్." అంతే, అక్షరాలు బాగానే ఉన్నాయి. తేదీ దగ్గర 1931 అని వేలుతో తడిమితే తెలుస్తోంది. కళ్ళజోడు లేని ముసలాయనకి తెలియకపోవచ్చు. మట్టి రాసి పూడిస్తే ఇంకా తెలియదు. పూడ్చేద్దామనుకున్నాను, అక్కడ మట్టి కూడా గడ్డకట్టి ఉంది కాబట్టి ఆగాను అక్కా, మంచితనంతో కాదు. ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. ఆ పసివాడు ఏం చేశాడు మనకి? వాడి చావు వాడికి ఉండనివ్వాలి.

సమాధి దొరకలేదని ఆంగస్‌గా ఒక ముక్క రాశాను. వెంటనే జవాబొచ్చింది. "మీరు కష్టపడ్డారు, చాలు. మే ఒకటో తారీకున నేనే వస్తాను. వరస వరసా నడుస్తాను. ఎన్ని రోజులైనా సరే." ఇంకో సంగతీ రాశాడు. ఆ పిల్లాడు చనిపోయిన సంవత్సరం నుంచీ నెలకోసారి రెజీనాలో పిల్లల వార్డుకి వెళ్తున్నాడట. ఆడుతున్న రోజుల్లో ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో. "ఓరెస్ట్‌ని చూడటానికి వెళ్ళలేకపోయాను కదా, మిగతావాళ్ళనైనా చూద్దామని" అన్నాడు. నువ్వొక ఉత్తరం రాసి ఆయన చేత ముప్ఫై రెండేళ్ళు నడిపించావు.

ఎవరికీ నష్టం లేదని రాశావు. ఇది చదివాక మళ్ళీ రాయగలవా ఆ మాట?

నీ తరఫున నేను చెప్పను. నా అబద్ధం నేను చెప్పుకుంటాను. ఆంగస్‌ని కాదు, బతికున్నాను, భయపడి అట్లా అన్నాను అని రాస్తాను. కానీ ముందు నువ్వు రాయాలి. ఉత్తరంతో మొదలుపెట్టావు, ఉత్తరంతోనే ముగించు. ఏప్రిల్ పదో తారీకులోపు ఆయన చేతికి అందాలి. ఆయన కారెక్కక ముందు.

తిరుగు కవరు పెట్టడం మర్చిపోకు.

ఓరెస్ట్


హాలిఫాక్స్
2 ఏప్రిల్ 2004

ఓరెస్ట్,

ఇవాళ పొద్దున పోస్టు చేశాను. మూడు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబితే నవ్వుతావు, లేకపోతే నవ్వడం మానేస్తావు.

మొదటిసారి రాశాను, రెండు పేజీలు. బాగుంది, కన్నీళ్ళు పెట్టించేట్టుంది. చదువుకుంటే రెండో పేరాలో "ఈమధ్య నా ఆరోగ్యం కూడా అంతంతమాత్రంగా ఉంది" అని ఉంది. నాకేం రోగమూ లేదు. మోకాలు నొప్పి అంతే. చించేశాను. రెండోసారి రాశాను. అందులో మన నాన్న తాగి కొట్టేవాడని వచ్చింది. నాన్న చర్చిలో తప్ప ఎక్కడా వైన్ ముట్టింది లేదు. చూశావా, చెయ్యి అట్లా అలవాటు పడిపోయింది. ఎవరినైనా ఏదైనా అడగాలంటే రెండో పేరాలో ఒక జబ్బో ఒక దుఃఖమో వచ్చి కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా నేను ఎంతమంది ఆటగాళ్ళకీ పాటగాళ్ళకీ రాశానో, అందరి ఉత్తరాలూ అట్లాగే ఉండి ఉంటాయి. నాకిప్పుడు తెలిసింది.

చివరికి పంపింది ఇంతే:

"టాగర్ట్ గారికి. 1971లోనూ 72లోనూ మీకు ఉత్తరాలు రాసింది స్టెఫానియా పాలిచుక్ కాదు, ఆవిడ కూతురు దార్కాని, నేను. మా తమ్ముడు ఓరెస్ట్‌కి టాన్సిల్స్ తప్ప ఏ జబ్బూ లేదు. వాడు బతికే ఉన్నాడు. మీ సంతకం కోసం అబద్ధం రాశాను, మీరు చూడటానికి వస్తారని భయపడి వాణ్ణి చంపేశాను. సమాధి లేదు, వెతకకండి. క్షమించమని అడిగే అర్హత లేదు, కానీ అడుగుతున్నాను. దార్కా."

తిరుగు కవరు పెట్టాను. నా అడ్రసు నేనే రాసుకుని స్టాంపు అంటించాను. పెట్టడం సిగ్గుగానే ఉంది, పెట్టకపోతే ఆయన జవాబు కోరుకోనట్టుంటుంది. ఇన్నేళ్ళలో కవరు తిరిగి రాకూడదని సగం, రావాలని సగం అనిపించడం ఇదే మొదటిసారి.

అక్క


యార్క్‌టన్
3 మే 2004

అక్కా,

నేను కూడా రాశాను, నా అసలు పేరుతో. నీది అందాక అందేట్టు ఐదురోజులు ఆగి వేశాను. జవాబు లేదు. నీకేమైనా వచ్చిందా? రాలేదనే అనుకుంటున్నాను, వస్తే చెప్పేదానివి.

మంచు మొత్తం కరిగిపోయింది. ఒకవేళ ఉత్తరాలు అందలేదేమో, అందినా చదవలేదేమోనని మే ఒకటిన పొద్దున్నే చర్చి వెనక స్మశానానికి వెళ్ళి కూర్చున్నాను. శనివారం కాబట్టి బస్సు లేదు. సాయంత్రం దాకా ఉన్నాను. ఏ కారు ఆగినా లేచి నిలబడ్డాను. ఒక ముసలావిడ వాళ్ళాయన రాయి కడగడానికి వచ్చింది. "ఎవరికోసం వచ్చావు బాబూ?" అంది. నాకోసమే అని చెప్పలేక, స్నేహితుడి కోసం అన్నాను. ఉడికించిన గుడ్డు ఒకటిచ్చింది.

ఆయన రాలేదు. అంటే చదివాడు. చదివి ఊరుకున్నాడు. రాకపోవడం మంచిదే, కానీ తల్చుకుంటే బాధగా ఉంది. ముసలాయన ఇంట్లో కూర్చుని ఆ కార్డు ఏం చేశాడో.

నీ మీద కోపం తగ్గలేదు. కానీ ఆ పన్నెండు ఉత్తరాలు మంచులో డబ్బా దాకా నువ్వు నడవడం కళ్ళముందు కనిపిస్తోంది. అది కూడా చెప్పాలి కదా.

ఓరెస్ట్


హాలిఫాక్స్
14 మే 2004

ఓరెస్ట్,

నిన్న వచ్చింది. డబ్బాలో నా చేతిరాతతో నా పేరు. ముట్టుకుంటే లావుగా ఉంది. బావని పిలవకుండా వంటింట్లో కూర్చుని తెరిచాను. లోపల మూడు ఉన్నాయి. ఆయన రాసిన ఒక పేజీ. నేను రాసిన పాత ఉత్తరాలు రెండూ. ఇంకొక కవరు, స్టాంపు అంటించి ఉంది, మూసోమిన్ అడ్రసు ఆయన చేతిరాతతో ఉంది.

ఆయన మాటల్లోనే రాస్తున్నాను. నేను చెబితే అందంగా తయారవుతుంది.

"దార్కా పాలిచుక్‌కి. మీ ఉత్తరం చదివిన మొదటిరోజు సంతోషమే కలిగింది. పిల్లాడు బతికున్నాడు కదా అని నవ్వుకున్నాను. రెండోరోజు కోపం వచ్చింది. అది ఇంకా ఉంది, అందుకే ఇంత ఆలస్యం. మీ రెండో ఉత్తరం వచ్చిన సాయంత్రం ఆరు గోల్స్ వదిలాను. అది మీ మీద వేసుకోకండి, మామూలు రోజుల్లో కూడా ఆరేసి వదిలాను. ఈ నెల పిల్లల వార్డుకి వెళ్ళడం మానేద్దామనుకున్నాను. మళ్ళీ వెళ్ళాను. అక్కడున్నవాళ్ళ జబ్బులు ఎవరో రాసినవి కావు.

"ఈ రెండు ఉత్తరాల కిందా మీ అమ్మగారి పేరుంది. ఆవిడ రాయలేదు, ఆవిడకి తెలియదు. దొంగ సంతకం ఉన్న కాగితం నా ఇంట్లో ఉంచుకోను. ఆ పేరు కొట్టేసి, ఆరోజు మీకున్న పేరు కింద రాసి, నేను పెట్టిన కవరులో తిప్పి పంపండి. రెండోదాని మీద సంతకం పెట్టేముందు ఒకసారి చదవండి. నేను చాలాసార్లు చదివాను.

"కార్డు పోస్టులో పంపను. చావు కబురు పోస్టులో నమ్మాను, బతుకు కబురు అట్లా నమ్మను. ఆ ఆంగస్ అనే మనిషి స్వయంగా వచ్చి తీసుకోవాలి. ఏ ఆదివారమైనా సరే. కూర్చోబెట్టి చూస్తాను. పక్కనే ఇంకో సంతకం అడిగాడుగా, అదీ అప్పుడే పెడతాను. మెర్విన్ టాగర్ట్."

రెండోది చదివాను. నా పద్నాలుగేళ్ళ చేతిరాత, కుదురుగా, ఒక్క కొట్టివేత లేదు. "వాడు చివరిదాకా మీ కార్డు వదల్లేదు. అందుకే దాన్ని కుడిచేతిలో పెట్టి పంపించాము. మీరు రానక్కరలేదు, మీ ఆట మీరు ఆడండి, వాడు చూస్తుంటాడు." కాగితం మడతల దగ్గర చిరిగితే ఎవరో వెనకనుంచి జాగ్రత్తగా టేపు అంటించారు. ఆ టేపు కూడా పాతబడి పసుపు రంగుకి తిరిగింది. అక్కడ ఏడ్చాను. నువ్వు అడగకముందే చెబుతున్నాను, ఇది రెండో పేరా ఏడుపు కాదు.

జన్మంతా ఊళ్ళో వాళ్ళందరి సంతకాలూ అడిగాను. నన్నెవరూ ఇంతవరకు ఒక్క సంతకం అడగలేదు. పెళ్ళికి ముందు పేరు రాసి ఎన్నాళ్ళయిందో. చిత్తుకాగితం మీద నాలుగుసార్లు రాసి చూసుకుని, అమ్మ పేరు కొట్టేసి, దార్కా పాలిచుక్ అని రెండింటి కిందా పెట్టాను. రెండోదాని మీద పేరు వంకరగా వచ్చింది. వంకరగానే ఉండనిచ్చాను. ఆయన చేతిరాత ఉన్న కవరులో పెట్టి పోస్టులో వేసి వచ్చాను.

ఈ ఉత్తరం అందాక వచ్చే మొదటి ఆదివారమే వెళ్ళు. క్షవరం చేయించుకుని వెళ్ళు, ముఖం పాలిపోయి కనిపించకు. నీకేమైనా వడ్డిస్తే రెండుసార్లు వేయించుకుని తిను, ఆయన చూడాలి. నా గురించి అడిగితే ఏమీ చెప్పకు. అడగకపోయినా చెప్పకు.

ఇంటికొచ్చేసరికి ఆకలేసింది. రొట్టె తీసి జామ్ రాశాను. రాసి, ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు పట్టుకుని నిలబడి, నేనే తిన్నాను.

నీ అక్క
దార్కా పాలిచుక్